రోడ్డు ఇచ్చినంతే

శ్రీకాకుళం పట్నంలో ఉన్న స్టేడియానికి కోడి రామ్మూర్తి పేరు పెట్టారు. ఆయన వీరఘట్టంలో పుట్టారు, విజయనగరంలో కసరత్తు చేసి కండ పెంచారు, అక్కడే వ్యాయామ శిక్షకుడిగా పనిచేశారు, ఆ తర్వాత సొంత సర్కస్ కంపెనీ పెట్టి దేశమంతా తిరిగారు. మన ఉత్తరాంధ్రలో ఆయన గురించి తెలిసిన ఏ పెద్దాయన్ని కదిపినా ముందు చెప్పే ముచ్చట ఒకటే. రెండు కార్లకు కట్టిన గొలుసులు చెరో చేతికి తగిలించుకుని నిలబడేవారట. కార్లు చెరో దిక్కుకు లాగేవి. చక్రాలు తిరిగేవి, దుమ్ము లేచేది. ఆయన కదిలేవారు కాదు, కార్లూ కదిలేవి కావు.

చిన్నప్పుడు ఈ కథ విన్నప్పుడల్లా నా ధ్యాసంతా ఆయన చేతుల మీదే ఉండేది. చాలా ఏళ్ళ తర్వాత గానీ చక్రాల వైపు చూడాలని తట్టలేదు. చక్రాలు తిరిగాయంటే ఇంజను పనిచేస్తున్నట్టే. మరి కారు ఎందుకు ముందుకు పోలేదు? ఇంజను చక్రాన్ని తిప్పగలదు, అంతవరకే దాని పని. కారును ముందుకు తోసేది రోడ్డు. టైరు రోడ్డును వెనక్కి నెడుతుంది, రోడ్డు టైరును ముందుకు నెడుతుంది. ఆ నెట్టుడు ఎంత ఉండాలో రాపిడి నిర్ణయిస్తుంది. రాపిడి గుణకాన్ని చక్రం మీద పడే బరువుతో గుణిస్తే వచ్చేదే దాని గరిష్ఠం. అంతకు మించి లాగాలని చూస్తే టైరు జారి, ఉన్నచోటే తిరుగుతుంది.

లెక్క వేసి చూద్దాం. ఆ కాలపు కారు 700 కిలోలు ఉందనుకోండి. ఇంజను తిప్పేది వెనక చక్రాలను మాత్రమే, వాటి మీద పడేది సగం బరువు, అంటే 350 కిలోలు. మట్టి నేల మీద రాపిడి గుణకం 0.5 అనుకుంటే కారు లాగగలిగేది 175 కిలోల బరువుకు సమానమైన బలంతో. ఇంజను ఇంకా పెద్దదైనా లాగుడు ఇంతే. రెండు కార్లు ఎదురెదురు దిక్కులకు లాగితే ఆ బలం రెట్టింపు అవుతుందని చాలామంది అనుకుంటారు, కాదు. ఒక్కో చేతి మీద 175 కిలోల లాగుడు ఉంటుంది, అవి ఒకదాన్నొకటి సరిచేసుకుంటాయి, మనిషి పక్కకు పోడు. కాని ఆ లాగుడంతా వేళ్ళలోంచి, మోచేతుల్లోంచి, భుజాల్లోంచి, ఛాతీలోంచి అవతలి చేతికి చేరాలి. మామూలు మనిషికి భుజం కీలు ఊడిపోతుంది. లెక్క తెలిశాక ఆయన మీద నాకు గౌరవం పెరిగిందే తప్ప తగ్గలేదు.

ఈ కథతో మొదలుపెట్టడానికి కారణం ఉంది. నూరేళ్ళ తర్వాత, 2023 ఫిబ్రవరి 11న, హైదరాబాదు నడిబొడ్డున, హుస్సేన్‌సాగర్ ఒడ్డున 22 కార్లు ఇదే సూత్రానికి కట్టుబడి పరుగెత్తాయి. అవి ఫార్ములా ఈ కార్లు, కరెంటుతో నడిచేవి. చక్రాలకు పైకప్పు ఉండదు, నాలుగూ బయటికే కనిపిస్తాయి. డ్రైవరుతో కలిపి బరువు కనీసం 840 కిలోలు. మోటారు 350 కిలోవాట్లు, మన భాషలో దాదాపు 470 గుర్రాల బలం. ఇప్పుడు రామ్మూర్తి గారి కార్లకు వేసిన లెక్కే వీటికీ వేయండి. గంటకు 36 కిలోమీటర్ల వేగంలో ఆ 350 కిలోవాట్లనూ చక్రాలకు ఇచ్చేస్తే అవి సుమారు 3,500 కిలోల బలంతో నెట్టాలి. కారు బరువంతా ఆ చక్రాల మీదే పడి, టైరు చాలా మంచిదై రాపిడి గుణకం 1.2 ఉన్నా, రోడ్డు ఒప్పుకునేది వెయ్యి కిలోలే. మిగతాదంతా పొగగా, రబ్బరు పొడిగా పోతుంది. అందుకే మలుపు దాటిన వెంటనే డ్రైవరు యాక్సిలరేటరు మీద కాలును ఆచితూచి వేస్తాడు. రోడ్డు ఎంత ఇస్తుందో అరికాలితో కనిపెట్టడమే అతని పని.

నగరాలు తమ వీధుల్లో రేసులకు ఒప్పుకోవడం కొత్త సంగతి కాదు. మొనాకోలో 1929 నుంచి జరుగుతోంది, మకావులో 1954 నుంచి. తెలుగు నేల మీద మాత్రం ప్రపంచ స్థాయి వీధి రేసుకు ఇదే మొదలు. తెలంగాణ ప్రభుత్వం 2022 జనవరి 17న ఫార్ములా ఈ సంస్థతో ఉద్దేశ పత్రం (లెటర్ ఆఫ్ ఇంటెంట్) మీద సంతకం చేసింది. ఆ తర్వాత ఏడాది పాటు జరిగిన పనంతా రోడ్డు పనే. లుంబినీ పార్కు, ఎన్టీఆర్ గార్డెన్స్, అప్పటికి ఇంకా కడుతున్న కొత్త సచివాలయం, ప్రసాద్స్ సినిమా హాళ్ళు, నెక్లెస్ రోడ్డు. వీటి మధ్య 2.8 కిలోమీటర్ల పైచిలుకు బాట గీశారు, 18 మలుపులతో. 2022 నవంబరు, డిసెంబరుల్లో ఇండియన్ రేసింగ్ లీగ్ కార్లను అక్కడ తిప్పి చూశారు. ఆ రోజుల్లో చుట్టుపక్కల ట్రాఫిక్‌లో ఇరుక్కున్నవాళ్ళ కోపం కూడా ఈ కథలో భాగమే. ఊరి మధ్య రోడ్డు మూస్తే ఆస్పత్రికి వెళ్ళేవాడికి, పరీక్షకు వెళ్ళే పిల్లకు దారి మారిపోతుంది. ఆ ఇబ్బందిని చిన్నదిగా చూపించడం నాకు ఇష్టం లేదు.

ఇక మలుపు దగ్గరకు వద్దాం. నాకు ఈ విషయంలో అన్నిటికన్నా ఇష్టమైన చోటు అదే.

శృంగవరపుకోట దాటి అరకు ఘాటు ఎక్కే ఆర్టీసీ బస్సులో ముందు సీట్లో కూర్చుని డ్రైవరు చేతులు చూడండి. హెయిర్‌పిన్ మలుపు వచ్చేముందు ఆయన బస్సును మలుపుకు ఎదురువైపు, రోడ్డు అంచు దాకా లాగుతారు. తర్వాత స్టీరింగు కోసి తిప్పుతారు. కొత్తగా ఎక్కినవాళ్ళు లోయలోకి పోతున్నామేమోనని సీటు రాడ్డు గట్టిగా పట్టుకుంటారు. బస్సు పొడవు, వెనక చక్రాలు లోపలివైపు కోసుకుపోతాయి కనక ఆయనకు అలా లాగక తప్పదు. రేసు డ్రైవరూ అదే చేస్తాడు, కారణం మాత్రం వేరు. మలుపులో కారును వంపు తిప్పే బలం కూడా టైరు రాపిడి నుంచే రావాలి. వంపు వ్యాసార్ధం ఎంత పెద్దదైతే అంత వేగంగా పోవచ్చు. వేగం వర్గం, వ్యాసార్ధంతో పాటు పెరుగుతుంది. కారు బరువు ఈ లెక్కలోంచి ఎగిరిపోతుంది, ఆటోకైనా లారీకైనా సూత్రం ఒకటే.

లంబకోణంలో తిరిగే ఓ వీధి మలుపు తీసుకోండి. మన వరసలోనే బుద్ధిగా పోతే 8 మీటర్ల వ్యాసార్ధం దొరికిందనుకుందాం. 1.2 గుణకం ఉన్న రేసు టైరుతోనైనా గంటకు 35 కిలోమీటర్లు మించితే జారడమే. మన ఊళ్ళో ఆటో కంటే ఏమంత ఎక్కువ? ఇప్పుడు రోడ్డంతా వాడుకోండి. బయటి అంచు నుంచి మొదలుపెట్టి, లోపలి మూలను రాసుకుంటూ, మళ్ళీ బయటి అంచుకు పోండి. మూల పదునుగా ఉన్న లంబకోణపు మలుపులో, కారు వాడుకోగల వెడల్పును 3.4తో గుణిస్తే ఆ వంపు వ్యాసార్ధం వస్తుంది. రేఖాగణితం ఇష్టమైనవాళ్ళు కాగితం మీద వృత్తం గీసి రాబట్టవచ్చు, పదో తరగతి లెక్కే. వెడల్పు 8 మీటర్లయితే వ్యాసార్ధం 27 మీటర్లు, వేగం గంటకు 64 కిలోమీటర్లు. అదే రోడ్డు, అదే టైరు, వేగం మాత్రం దాదాపు రెట్టింపు.

రేసు బాట మీద ఈ పని సాగేది ఎదురు బండి రాదని నమ్మకం ఉంది కనకే. మామూలు రోడ్డు మీద ఇదే పని చేసే మోటారు సైకిలు కుర్రవాడికి ఆ నమ్మకం ఎవరిచ్చారు? ఘాటు రోడ్డులో ప్రతి మలుపు దగ్గరా బస్సు డ్రైవరు మోగించే హారను ఆ ప్రశ్నే అడుగుతుంది.

ఇక రోడ్డు ఒంటి తీరు. ఊరి రోడ్డు బల్లపరుపుగా ఉండదు, ఉండకూడదు కూడా. మధ్యలో ఉబ్బి, అంచులకు వాలుతుంది. వాన నీళ్ళు కాలవలోకి పోవడానికి మీటరుకు రెండు, రెండున్నర సెంటీమీటర్ల వాలు ఇస్తారు. మీ వీధిలో ఉందో లేదో చూడాలంటే మేస్త్రీలు నీళ్ళు నింపి లెవెలు చూసే పారదర్శక గొట్టం ఒకటి చాలు. ఒక కొస రోడ్డు మధ్యలో, ఇంకో కొస మూడు మీటర్ల అవతల అంచు మీద నిలబెట్టండి. రెండు చోట్లా నీటిమట్టం ఒకటే కనక, నేల నుంచి ఆ మట్టం ఎత్తు కొలిచి తేడా చూడండి. ఆరు నుంచి ఏడున్నర సెంటీమీటర్లు రావాలి. రాకపోతే వానాకాలంలో మీ గుమ్మం ముందు గుంట ఎందుకు కడుతోందో మీకు తెలిసినట్టే.

తుపానుల తీరంలో పుట్టినవాళ్ళకు ఆ వాలు విలువ చెప్పనక్కర్లేదు. చెన్నైలో ఐలాండ్ గ్రౌండ్స్ చుట్టూ 2023 డిసెంబరులో జరగాల్సిన వీధి రేసు మిచాంగ్ తుపాను నీళ్ళలో ఆగిపోయింది. అది చివరికి 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో దీపాల వెలుగులో జరిగింది. కాని వాననీటికి మేలు చేసే ఆ ఉబ్బే రేసు కారుకు గండం. అంచు నుంచి అంచుకు కోసుకుపోయే కారు ప్రతి మలుపులోనూ ఆ ఉబ్బును దాటాలి. నేలకు నాలుగు వేళ్ళ ఎత్తున పరుగెత్తే కారు కట్టు బిగువుగా ఉంటుంది, మన కారులా మెత్తగా ఊగదు. ఉబ్బు దాటిన క్షణంలో టైరు మీద భారం తగ్గుతుంది. భారం తగ్గితే పట్టు తగ్గుతుందని పైన చూశాం. డ్రైవరు బ్రేకు నొక్కేది సరిగ్గా ఆ క్షణమే అయితే చక్రం బిగుసుకుపోయి, కారు నేరుగా గోడ వైపు జారుతుంది.

మ్యాన్‌హోల్ మూతల ముచ్చట మరీ విచిత్రం. వాటి మీద రోజూ లారీలు పోతాయి, మూత కదలదు. లారీ కంటే ఎంతో తేలికైన రేసు కారు దాన్ని పైకి లేపేస్తుంది. ఎలాగంటే, కారు అడుగుభాగం, నేల మధ్య ఇరుకు సందులోంచి గాలి వేగంగా దూసుకుపోతుంది. వేగం పెరిగిన గాలి పీడనం తగ్గుతుంది. మూత కింద, మురుగు గొట్టంలో ఉన్న గాలి పీడనం మామూలుగానే ఉంటుంది. ఈ తేడా వాతావరణ పీడనంలో రెండు శాతమే అనుకోండి, 60 సెంటీమీటర్ల గుండ్రటి మూత మీద అది సుమారు 58 కిలోల బరువును పైకెత్తగల బలం. బాకులో 2019లో జార్జ్ రసెల్ కారు ఇలాంటి మూతకే తగిలి పాడైంది. లాస్ వేగాస్‌లో 2023 నవంబరులో తొలి ప్రాక్టీసు మొదలై పది నిమిషాలు కాకముందే కార్లోస్ సైన్జ్ ఫెరారీ అడుగుభాగాన్ని నీటి వాల్వు మూత చీల్చేసింది. బాటంతా వెతికి మూతలు బిగించేసరికి తెల్లవారుజాము దగ్గరపడింది. ఫార్ములా ఈ కార్లు ఫార్ములా వన్ కార్లంత గట్టిగా నేలను పీల్చుకోవు, అయినా మూతలను వెల్డింగు చేసి బిగించాకే ఏ వీధినైనా రేసుకు అప్పగిస్తారు. ఓ నగరం రేసుకు ఒప్పుకున్నదంటే తన ప్రతి మూతనూ, ప్రతి అతుకునూ ఒకసారి వంగి చూసుకోవడానికి ఒప్పుకున్నదని అర్థం. అది మామూలు రోజుల్లోనూ జరగాలని కోరుకోని పౌరుడు ఉండడు.

చక్రాలు బయటికి ఉన్న కార్లకే ఉన్న ప్రమాదం ఒకటి చెప్పాలి. ఎండాకాలం బస్టాండు దగ్గర చెరకు రసం తీసే యంత్రం చూసే ఉంటారు. పక్కపక్కన ఉన్న రెండు రోలర్లు ఎదురెదురు దిశల్లో తిరుగుతాయి. అవి ఆనుకున్న చోట రెండు ఉపరితలాలూ ఒకే వైపు కదులుతాయి, అందుకే చెరకు గడ సాఫీగా లోపలికి పోతుంది. ఇప్పుడు ఒకదాని వెనక ఒకటి పోతున్న రెండు కార్ల చక్రాలు చూడండి. రెండూ ఒకే దిశలో తిరుగుతున్నాయి. ముందు కారు వెనక చక్రం వెనుకభాగం పైకి లేస్తూ ఉంటుంది, వెనక కారు ముందు చక్రం ముందుభాగం కిందికి దిగుతూ ఉంటుంది. రెండూ తగిలాయంటే, కిందికి దిగే చక్రాన్ని పైకి లేచే చక్రం ఎత్తిపడేస్తుంది. వెనక కారు ముందుదాని మీదకు ఎక్కి గాల్లోకి లేస్తుంది. మామూలు కార్లయితే బంపరుకు బంపరు తగిలి సొట్టపడుతుంది, అంతే. అందుకే వీధి రేసులో గోడలు కాంక్రీటువి, వాటి మీద ఎత్తైన ఇనుప వల, మలుపుల్లో దెబ్బను మింగే మెత్తని దిమ్మెలు. డ్రైవరు తల చుట్టూ హేలో అనే టైటేనియం కమాను ఉంటుంది. చాలా ప్రాణాలు కాపాడిన వస్తువు అది.

బ్రేకు వేసినప్పుడు ఏమవుతుందో కూడా చూడాలి, ఎందుకంటే రేపు మన ఇళ్ళ ముందు తిరిగే బళ్ళకు పనికొచ్చేది అదే. 840 కిలోల కారు గంటకు 200 కిలోమీటర్ల వేగంలో ఉంటే దాని గతిజశక్తి సుమారు 13 లక్షల జౌళ్ళు. మలుపు కోసం 60కి తగ్గితే అందులో దాదాపు 12 లక్షల జౌళ్ళు ఎటైనా పోవాలి. మన కరెంటు బిల్లు లెక్కలో అది యూనిట్‌లో మూడో వంతు, ఓ సీలింగు ఫ్యాను నాలుగు గంటలు తిరిగేంత. పాత పద్ధతిలో అదంతా బ్రేకు పళ్ళాల వేడిగా గాలిలో కలిసిపోయేది. హైదరాబాదులో పరుగెత్తిన కార్లు మూడో తరానివి. వాటిలో ముందూ వెనకా ఉన్న మోటార్లే డైనమోలుగా మారి చక్రాలను ఆపుతూ, 600 కిలోవాట్ల దాకా శక్తిని తిరిగి బ్యాటరీకి పంపగలవు. ఆ లెక్కన పై 12 లక్షల జౌళ్ళకు రెండు సెకన్లు చాలు. గాలి తినేది కొంత, వేడిగా పోయేది కొంత ఉంటుంది. అయినా రేసులో వాడే శక్తిలో కనీసం 40 శాతం ఇలా బ్రేకుల నుంచే తిరిగి వస్తుందని రూపకర్తలు చెప్పారు. వెనక చక్రాలకు మామూలు బ్రేకులే లేకుండా ఆ కారును రూపొందించారంటే ఈ పద్ధతి మీద ఎంత నమ్మకమో చూడండి. సూటి దారి తక్కువ, మలుపులు ఎక్కువ ఉన్న ఊరి వీధి ఇలాంటి కారుకు అచ్చొచ్చిన చోటు. ప్రతి కూడలి దగ్గరా ఆగి కదిలే సిటీ బస్సుకూ ఈ విద్యే కావాలి.

ఆ రోజు ఫ్రాన్స్‌కు చెందిన జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. నిక్ కాసిడీ అతన్ని చివరిదాకా వెంటాడి రెండో స్థానంలో మిగిలాడు. 2013లో గ్రేటర్ నోయిడాలో ఫార్ములా వన్ ఆగిపోయాక మన దేశంలో మళ్ళీ ప్రపంచ స్థాయి కారు రేసు జరిగింది ఆనాడే. రెండోసారి జరగలేదు. 2024 ఫిబ్రవరిలో జరగాల్సిన రేసు రద్దయిందని ఆ జనవరి 5న ప్రకటించారు. ప్రభుత్వం మారింది, ఒప్పందం నిలవలేదు. డబ్బు చెల్లింపుల మీద 2024 డిసెంబరులో అవినీతి నిరోధక శాఖ (ఏసీబీ) కేసు పెట్టింది. తప్పొప్పులు తేల్చవలసింది న్యాయస్థానాలు, ఈ పుస్తకం కాదు.

ఇదంతా మా పక్కింటి కుర్రవాడికి చెబుతుంటే అడిగాడు, "మాస్టారూ, మన ఇజీనగరంలో పెడితే ఏటవుతాది?"

మన ఊరికి వీధిని ఒకరోజు పూర్తిగా అప్పగించడం కొత్త కాదు. విజయదశమి వెళ్ళిన మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను ఊరేగుతుంది. యాభై అరవై అడుగుల చింతమాను కొసన పూజారి కూర్చుంటారు. గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. బండి ఉన్నచోట అంగుళం తిరిగితే కొసన ఉన్న మనిషి ఎన్ని అడుగులు పక్కకు జరుగుతారో, ఆ కొస తిరగడానికి వీధిలో ఎంత చోటు కావాలో బండి నడిపేవాళ్ళకు తరతరాలుగా తెలుసు. వాళ్ళదీ వెడల్పు, వ్యాసార్ధాల లెక్కే, నడక వేగంలో. జనం చేయి చాస్తే అందేంత దగ్గరగా నిలబడగలిగేది ఆ వేగం వల్లే. గంటకు 200 కిలోమీటర్ల వేగంలో కారు ఒక్క సెకనులో 55 మీటర్లు పోతుంది. దానికీ జనానికీ మధ్య గోడ కట్టాల్సిందే, గోడ వెనక ఖాళీ చోటు కూడా వదలాల్సిందే. మన పాత వీధుల్లో అరుగులు తీస్తే తప్ప అంత చోటు రాదు. అరుగులు తీసెయ్యమని నేను చెప్పలేను.

"పోనీ మన సందు మలుపులో ఎంత స్పీడు పోవచ్చు?" అన్నాడు వాడు. టేపు తెచ్చి కొలిచాం. కాలవ నుంచి కాలవకు ఐదు మీటర్లు. కారు వెడల్పు తీసేస్తే మూడుంపావు చిల్లర, వ్యాసార్ధం పదకొండు మీటర్లు. రేసు టైరుతో గంటకు 41. వాళ్ళన్న మోటారు సైకిలు టైరుకు, పొడి తారు మీద గుణకం 0.8 వేసుకుంటే 33. తర్వాత ఇద్దరం మలుపు లోపలి మూలకు వచ్చాం. అక్కడ ఎవరో ఇల్లు కడుతున్నారు. కుప్పలోంచి జారిన ఇసుక రోడ్డు మీద రెండడుగుల మేర పరుచుకుని ఉంది. వేగంగా తిరిగే బండి సరిగ్గా తొక్కే చోటు అదే. ఇసుక మీద గుణకం 0.3 అనుకుని మళ్ళీ లెక్క వేయమన్నాను. వాడు నోటుబుక్కులో వేశాడు. గంటకు 20.

వాడు ఆ అంకె వంక కాసేపు చూశాడు. వాళ్ళన్న సాయంత్రం ఆరింటికి డ్యూటీ నుంచి ఈ మలుపు మీదుగానే వస్తాడు. టేపు నా చేతిలో పెట్టి ఇంట్లోకి పరుగెత్తి, వాకిలి ఊడ్చే చీపురు పట్టుకొచ్చాడు.